వెనుక దీపము



దీపమును మనము సామాన్యముగా మన కొరకే వెలిగించుకొందుము. చదువుకొనుటకు, వండుకొనుటకు, త్రోవ చూచుకొనుటకు దీపము కావలయును. అయితే వెలిగించినవానికి కనబడక, వెనుక వచ్చువానికి మాత్రమే పనికివచ్చు దీపమొకటి కలదు. అది మోటారుకారు వెనుక దీపము. ఎడ్లబండి యిరుసు క్రింద లాంతరు వ్రేలగట్టి రాత్రి ప్రయాణములు చేసిన పెద్దలకు దాని విలువ వేఱుగ చెప్పనక్కరలేదు. ఈ యెఱ్ఱని దీపము నూనెవత్తి నుండి ఎల్.ఇ.డి. వఱకు వచ్చిన చరిత్రమును, పాతకాలపు కారులకు నేడు క్రొత్త దీపము నమర్చువారు పాటింపవలసిన పద్ధతిని మీకు మనవి చేసెదను.

మోటారుకారులు పుట్టిన తొలినాళ్లలో వానికి నూనెదీపములుండెను. అమెరికాలో 1912వ సంవత్సరపు కాడిలాక్ కారులకు విద్యుద్దీపములను కర్మాగారమునందే అమర్చిరి. అది ధనికుల బండి. సామాన్యుల బండి ఫోర్డు కంపెనీవారి మోడల్-టి. 1908లో బయలుదేరిన యీ కారునకు 1915లో ముందు దీపములు విద్యుద్దీపములయ్యెను. వెనుక దీపము మాత్రము కిరసనాయిలుతోనే వెలుగుచుండెను. దీనికి కారణము లేకపోలేదు. నాడు విద్యుత్తు నిచ్చిన మాగ్నెటో ఇంజను తిరుగుచున్నంత సేపే పనిచేయును. బండి చీకటిలో నిలిచినప్పుడు నూనెదీపమే దిక్కు. 1919లో బ్యాటరీ, స్టార్టరు వచ్చిన పిదపగాని వెనుక దీపమునకు విద్యుత్తు లభింపలేదు.

పిమ్మట 1927 చివర మోడల్-ఏ వచ్చెను. అవి 48 లక్షలకు పైగా తయారయ్యెను. వీనికి ముందు రెండు దీపములు. వెనుక కంపెనీవారు మామూలుగా నిచ్చినది ఒక్కటే. రెండవది కావలయునన్నచో వేఱుగ కొనవలసి యుండెను. తన త్రోవకు రెండు, పరుల క్షేమమునకు ఒకటి! వెనుక దీపము చరిత్రమంతయు చాలకాలము ఇట్లే నడచెను. ముందు దీపమునకు లభించిన ప్రతి మేలును దానికి ఆలస్యముగానే చేరెను.

ఈ క్రమమును తలక్రిందు చేసినది ఎల్.ఇ.డి. మామూలు బల్బులో సన్నని తీగ నిప్పువలె కాగి వెలుగును. వెలుగుకంటె వేడియే ఎక్కువ. ఎల్.ఇ.డి.లో తీగ లేదు. రెండు విధములైన అర్ధవాహకములు కలియుచోట ఎలక్ట్రానులు ఒక స్థితి నుండి తక్కువ స్థితికి దిగునప్పుడు విడిచిన శక్తియే కాంతియగును. 1907లో ఇంగ్లీషు ఇంజనీరు హెచ్.జె. రౌండు ఒకవిధమైన స్ఫటికమున విద్యుత్తు ప్రసరింపజేసినప్పుడు వెలుగు పుట్టుట గమనించెను. 1920 తరువాతి సంవత్సరములలో రష్యాదేశీయుడు లోసెవ్ దానిని శ్రద్ధతో పరిశోధించెను. 1962లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయందు పనిచేయుచుండిన నిక్ హోలోన్యాక్ కంటికి కనబడు ఎఱ్ఱని ఎల్.ఇ.డి.ని నిర్మించెను. నీలికాంతి ప్రకాశవంతముగా లభించుటకు మఱి మూడు దశాబ్దములు పట్టెను. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురకు 2014లో నోబెల్ బహుమానము లభించెను. నీలికాంతి లేనిదే తెల్లని ఎల్.ఇ.డి. దీపము లేదు.

ఎఱుపు ముందు లభించినందున వెనుక దీపము ముందు లాభపడెను. 1986వ సంవత్సరపు నమూనా నుండి అమెరికాలో ప్రతి కారునకు వెనుక నడిమిభాగమున ఎత్తుగా మూడవ బ్రేకు దీపము ఉండవలెనని విధించిరి. అట్టి దీపములలో ఎల్.ఇ.డి.లు త్వరలోనే ప్రవేశించెను. 2000వ సంవత్సరపు కాడిలాక్ డెవిల్ కారునకు వెనుక దీపములే ఎల్.ఇ.డి.లతో వచ్చెను. ముందు దీపములకు ఆ భాగ్యము 2007లో లెక్సస్ కారుతో గాని కలుగలేదు.

దీనివలన కలిగిన మేలెంత? లెక్క కట్టి చూడుడు. బల్బు తీగ పూర్తిగా కాగి వెలుగుటకు సెకండులో అయిదవ వంతు కాలము పట్టును. ఎల్.ఇ.డి. తక్షణమే వెలుగును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకండునకు సుమారు 28 మీటర్లు సాగును. అయిదవ వంతు సెకండులో అయిదున్నర మీటర్లు. ఎద్దులతో కూడిన బండి పొడవంత దూరమన్నమాట! ఒక ప్రాణము నిలుచుటకు ఆ దూరము చాలును.

అందుచేతనే నేడు మోడల్-ఏ వంటి పాత కారులను రోడ్డుపై నడుపువారు వెనుక ఎల్.ఇ.డి.ని అమర్చుచున్నారు. ఆ కారు విద్యుత్తు ఆరు వోల్టులది. తుప్పువలన వోల్టులలో పదియవ వంతు నష్టమైనచో బల్బు వెలుగు నూటికి సుమారు 30 వంతులు తగ్గును. కనుక దీపము మార్చుటకు ముందే తుప్పు గీకి, ఎర్తు తీగను బిగింపవలెను. మఱియు ఆ కారున బ్యాటరీ ధనధ్రువము బండి యినుమునకు కలిపియుండును. నేటి కారులలో ఋణధ్రువము. ఎల్.ఇ.డి. విద్యుత్తును ఒక దిక్కుననే పోనిచ్చును గావున ఆరు వోల్టులకు, ధనధ్రువపు ఎర్తునకు తగినదానిని అడిగి కొనవలెను.

ఎఱ్ఱ గాజు వెనుక ఎఱ్ఱని ఎల్.ఇ.డి.యే ఉండవలెను. తెల్లనిదానిలో ఎఱుపు పాలు స్వల్పము. గాజు తక్కినదానిని అడ్డగించును. అయితే నంబరు పలకను చూపుటకు తెల్లగాజు గలవైపున తెల్లని ఎల్.ఇ.డి.యే తగును. అన్నిటికంటె ముఖ్యమైనది బ్రేకు వెలుగునకు, మామూలు వెలుగునకు గల భేదము. రెండును కన్నులు చెదరునంత ప్రకాశించినచో వెనుకవానికి బండి ఆగుచున్నదో సాగుచున్నదో తెలియదు. తరువాతి కాలపు కారులలో మలుపు దీపమును మినుకు మినుకుమనిపించు పాత ఫ్లాషరు బల్బులు లాగు విద్యుత్తుచే వేడెక్కి పనిచేయును. ఎల్.ఇ.డి. లాగునది స్వల్పము గనుక దానిని కూడ మార్చవలసివచ్చును.

పాతదానిని కాపాడుట మంచిదే. అందుచే దీపపు డొక్కుకు రంధ్రములు చేయక, పాత బల్బును భద్రపఱచి, కోరినప్పుడు మరల బిగింపదగినట్లు పని చేయించుట పెద్దల సొత్తుపై గల గౌరవము. కాని దీపము పాతదని వెలుగును మసకగా విడిచిపెట్టుట గౌరవము కాదు. వెనుక వచ్చువానికి మన బండి వయస్సుతో పని లేదు. అది కనబడుటతోనే పని.

మన గ్రామములలో పాత కారులు అరుదు కావచ్చును. కాని వెనుక దీపము లేక రాత్రివేళ రోడ్డెక్కు ట్రాక్టరు ట్రాలీలు అరుదు కావు. తోలువాడు తన స్థానము నుండి ఆ లోపమును చూడజాలడు. బండి కదలుటకు ముందు ఒకరు వెనుకకు పోయి, దీపము వెలుగుచున్నదా, బురద పట్టినదా యని చూచు నలవాటును మీ యింటి పిల్లలకు నేర్పుడు. పెద్దల మాటగా చెప్పినచో వారు విందురు.