నాడె నుంచి ఆసు దాకా

మన దేశంలో పేటెంటు చరిత్ర పంకా తాడుతో మొదలవుతుంది. 1856 మార్చి 3న కలకత్తాలో జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ అనే సివిల్ ఇంజనీరు పంకా లాగే యంత్రానికి ప్రత్యేక హక్కు కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాడు. దొర లోపల నిద్రపోతుంటే వరండాలో కూర్చుని తాడు లాగే కూలీ పని ఆ యంత్రం చేస్తుందన్నమాట. కనిపెట్టినవాడికి పద్నాలుగేళ్ల హక్కు ఇచ్చే ఆ చట్టం అప్పటికి నాలుగు రోజుల క్రితమే వచ్చింది. ఇంగ్లండు రాణి ముందస్తు అనుమతి లేదని మరుసటి ఏడాదే దాన్ని రద్దు చేసి, 1859లో మళ్లీ తెచ్చారు. తర్వాత చాలాకాలం నిలిచింది 1911 చట్టం. అదీ బ్రిటిష్ ఇండియాకే పరిమితం. కృష్ణా తుంగభద్రల నడిగడ్డలోని గద్వాల, ఏటికి ఇవతల వనపర్తి, నిజాం రాజ్యంలోని సంస్థానాలు కాబట్టి ఆ కాగితం ఇక్కడికి రాలేదు.

కాగితం రాలేదు కానీ పనిముట్లకు కొదవ లేదు. గొర్రునే చూడండి. చాళ్లలో విత్తనం సమంగా పడేలా జడ్డిగానికి గొట్టాలు బిగించిన ఈ సాధనాన్ని ఎవరు, ఏ ఊళ్లో చేశారో ఏ దస్తావేజులోనూ లేదు. 1790లలో థామస్ హాల్కాట్ అనే కెప్టెన్ దక్షిణాదిలో దీన్ని చూసి ఆశ్చర్యపోయాడు. వరసగా విత్తే యంత్రం ఐరోపావాళ్ల కొత్త ఆవిష్కరణ అని అంతవరకు ఆయన నమ్మకం. గొర్రును ఊరి వడ్రంగి, కమ్మరి చేసి ఇచ్చేవారు. కళ్లంలో వాళ్ల వాటా గింజలు వాళ్లకు ముట్టేవి. ఆవిష్కరణకు దక్కిన ప్రతిఫలం అంతే.

అయితే పాలమూరు ప్రాంతంలో యంత్రాల కథ చెప్పాలంటే నాగలి కంటే మగ్గమే మంచి సాక్షి. గద్వాల పట్టణం, రాజోలి, అయిజ, వనపర్తి వైపు అమరచింత, కొత్తకోట నేత ఊళ్లు. ప్రపంచంలో పేటెంటు చరిత్రను మలుపు తిప్పిన యంత్రాల్లో కొన్ని నేతపనికి పుట్టినవే. 1733లో ఇంగ్లండులో జాన్ కే, తాడు లాగితే అటూ ఇటూ దూసుకుపోయే నాడెకు పేటెంటు తీసుకున్నాడు. అక్కడి బట్టల వ్యాపారులు ఆ నాడెను వాడుకున్నారు, డబ్బు మాత్రం కట్టలేదు. పైగా కేసులు పడితే ఖర్చు పంచుకోవడానికి సంఘం పెట్టుకున్నారు. కే ఆస్తి కోర్టుల పాలైంది, చివరికి ఫ్రాన్సు వెళ్లి అక్కడే పేదరికంలో పోయాడు. అదే ఫ్రాన్సులో 1804లో జోసెఫ్ మరీ జాకార్డ్, చిల్లులు పొడిచిన అట్టలతో పడుగు పోగులను ఎంచి ఎత్తే యంత్రం చేశాడు. రెండేళ్లకే ప్రభుత్వం దాన్ని ప్రజల సొత్తుగా ప్రకటించి, ఆయనకు పింఛను, ఒక్కో యంత్రానికి కొంత రాయల్టీ ఇచ్చింది. 1812 నాటికి ఫ్రాన్సులో దాదాపు 11,000 జాకార్డు మగ్గాలు నడిచాయి. ఈ రెండు పద్ధతుల్లో ఏది న్యాయమో తేల్చడం నాకు పెద్ద కష్టం కాదు.

కే చేసిన ఆ విసురు నాడె 20వ శతాబ్దం తొలి దశకాల్లో తెలుగు కోస్తాలో బాగా పాకింది. పేటెంటు గడువు తీరి అప్పటికి నూటయాభై ఏళ్లు దాటింది కాబట్టి ఎవరికీ పైసా కట్టే పని లేదు. మగ్గం మీద శ్రమ బాగా తగ్గిందని సంబరపడిన ఊళ్లున్నాయి. కానీ అసలు సిసలు గద్వాల చీర దగ్గర ఆ నాడె ఆగిపోయింది. నడుమ నేత నూలు, అంచు పట్టు. రెండు పేకలు కలిసే చోట ఒకదానికొకటి మెలేసుకోవాలి. నేతగాళ్లు దాన్ని కుప్పడం అంటారు. రెండు అంచులకు రెండు నాడెలు, నడిమికి ఒకటి, మొత్తం మూడు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున దూకే నాడె అంచు దగ్గర ఆగి మెలిక వేయలేదు. అందుకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నాడెలు అందించుకుంటారు. ఆ రెండో మనిషి చాలా ఇళ్లలో భార్యో, పిల్లవాడో. కూలి లెక్కలో వాళ్ల పేరు ఉండదు. జాకార్డు మాత్రం గద్వాలలో బాగానే ఇమిడింది. అంచు మీద నమూనాలకు అట్టల పెట్టె మగ్గం నెత్తిన ఎక్కింది.

ఈ ప్రాంతానికి ఈశాన్యాన ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం మరో రకం నొప్పిని చూశాడు. పోచంపల్లి తరహా చీరలో పేకను ముందే కట్టి అద్దాలి. దానికి ముందు ఆసు పోయాలి: అర్ధచంద్రాకారంలో గుచ్చిన పుల్లల చుట్టూ నూలు తిప్పాలి. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు కదలాలి, నాలుగైదు గంటలు పట్టేది. ఆ పని చేసేది వాళ్లమ్మ లక్ష్మి. భుజం నొప్పితో ఇక చేయలేననేది. 1992లో మొదలుపెట్టిన ప్రయత్నం 1999లో కొలిక్కి వచ్చింది. మిగిలిన చిక్కుముడి ఒకటి హైదరాబాదు బాలానగర్ కార్ఖానాలో వేరే యంత్రం కదలిక చూడగానే విడిపోయింది. మోటారుతో నడిచే ఆ లక్ష్మి ఆసు యంత్రంతో పని గంటన్నరకు తగ్గింది. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్, బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపే పల్లె సృజన ఇలాంటివారికి అండగా నిలిచాయి. 2011లో మల్లేశానికి పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి.

ఇందులో చట్టం చేసిన చిత్రమైన ఏర్పాటు ఒకటుంది. 1985 రిజర్వేషన్ చట్టం ప్రకారం కొన్ని రకాల వస్త్రాలు చేనేతకే పరిమితం. మగ్గానికి కరెంటు తగిలిస్తే అది చేనేత కాకుండా పోతుంది. ఆసు, కండె, పడుగు అన్నీ మగ్గానికి ముందరి పనులు. అక్కడ మోటారు పెట్టినా చీర చేనేతే. అలా చట్టం వదిలిన సందులోనే, ఎక్కువగా ఆడవాళ్లు కూలి లేకుండా చేసే పనుల్లోనే యంత్రానికి చోటు దొరికింది. అయినా మల్లేశం యంత్రం గద్వాలకు అక్కరకు రాదు, ఎందుకంటే ఇక్కడ పేకను కట్టి అద్దరు, ఆసు పోయరు. ఇక కుప్పడం మెలిక, అది పేటెంటుకు లొంగేది కాదు. 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షను తరతరాల సంప్రదాయ జ్ఞానాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోదు. గద్వాల చీరకు దక్కింది భౌగోళిక గుర్తింపు. అది పేరును కాపాడుతుంది, రెండో మనిషి నడుముకు ఊరట ఇవ్వదు.

వనపర్తి రాజుల కోటలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. నాగర్‌కర్నూల్, కల్వకుర్తి రోడ్ల పక్కన వెల్డింగు షాపుల్లో ఎడ్ల గుంటకను ట్రాక్టరుకు తగ్గట్టు మార్చడం, బోరు మోటారు బయటకు లాగే సామాను బిగించడం రోజువారీ పని. ఒకడు చేసింది నెల తిరిగేసరికి పక్క షాపులో కనిపిస్తుంది. వీళ్లకు పేటెంటు కావాలంటే దరఖాస్తు చెన్నై కార్యాలయానికి వెళ్లాలి. వ్యక్తులకు ఆన్‌లైన్ రుసుము 1,600 రూపాయలు, అసలు ఖర్చు వివరణ పత్రం రాసి వాదించే ఏజెంటుది. హక్కు 20 ఏళ్లు, అదీ ఏటా రుసుము కడుతూ పోతేనే. పైగా కొత్తదనం నిలవాలంటే దరఖాస్తుకు ముందు బహిరంగంగా చూపకూడదు. నలుగురి ముందు రోడ్డు మీదే బిగించి రైతుకు అప్పజెప్పే షాపుకు ఆ నిబంధన అసలు కుదరదు.

మూడు నాడెల మగ్గం మీద రెండో మనిషి చేయి తప్పించే సాధనం చేసినవాడు మెలిక మీద హక్కు అడగలేడు కానీ, ఆ మెలిక వేసే సాధనం మీద అడగవచ్చు. చట్టంలో ఆ తలుపు తెరిచే ఉంది. చెన్నైకి పంపే ముందు దాన్ని వీధిలో చూపకుండా ఉండగలిగితే చాలు.