కరువుకాలపు కళేబరములు, పెంకుపురుగులు

గ్రామపెద్దలారా! కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల నడిగడ్డకు రెండు నదులు సరిహద్దులైనను, వానకొఱత క్రొత్త గాదు. 1876 లో వానలు తప్పి 1878 వఱకు దక్షిణాపథమును పీడించిన ధాతకరువు, తుంగభద్ర కావల కర్నూలు సీమను, ఈవల నిజాము రాజ్యమునుగూడ బాధించెను. మేతలేక పశువులు మందలుగా గూలెను. ఆ కళేబరము లేమైనవి? చరిత్ర గ్రంథములలో నరుదుగా గానవచ్చు ప్రశ్న యిది.

చర్మము నొలిచినవారు మనుష్యులు. మాంసమును దినినవి రాబందులు, నక్కలు, కుక్కలు. శేషమును కీటకములు పంచుకొనును. వాని పంపకమున కొక క్రమము గలదు. మొదట ఈగలు వచ్చి గ్రుడ్లు పెట్టును. ఆ పురుగులకు తేమ కావలెను. పిమ్మట పొట్టి నల్లపెంకుపురుగులు వచ్చి ఈగపురుగులను వేటాడును. మెట్టసీమ యెండకు తేమ త్వరగా నింకి, తోలు అట్టవలె బిగిసినచో, ఈగల కక్కడ పనిలేదు. అప్పుడు డెర్మెస్టిస్ అను తోలుపురుగు ప్రవేశించును. దాని బొచ్చుపిల్లలు ఎండిన తోలును, నరములను గొఱికి యెముకలను దెల్లగా మిగుల్చును. వెండ్రుకలను, ఈకలను దినునవి కడపట వచ్చును.

ఈ జాతి ప్రాచీనమైనది. ఈజిప్టు మమ్మీల తలలలో దొరకిన కీటకములను 1834 లో హోప్ అను ఆంగ్ల పండితుడు వర్ణించెను. వానిలో డెర్మెస్టిసులును గలవు. 1894 లో ఫ్రెంచి పండితుడు మెన్యాఁ, కీటకములు వచ్చు వరుసనుబట్టి మరణకాలము నూహింపవచ్చునని గ్రంథము వ్రాసెను. పొలములో సాయము చేయు నీ పురుగే తోళ్లకొట్టులో శత్రువు. పచ్చితోళ్లు కుళ్లకుండుటకు ఉప్పు పట్టించి, తంగేడుచెక్కతో ఊనుట యవసరమయ్యెను.

అయితే పెంకుపురుగు రాబందు పని చేయజాలదు. రాబందుల గుంపు పశువును గంటలలో ముగించును. పురుగుకు వారములు పట్టును. పశువుల కిచ్చిన డైక్లోఫెనాకు మందు కళేబరము ద్వారా రాబందులను జంపుచున్నదని 2004 లో తేలెను. 2006 లో మనదేశమున పశువులకు దానిని నిషేధించిరి. అప్పటికే నూటికి తొంబదికి మించి నశించినవి. ఆ లోటున ఊరకుక్కలు పెరిగి, వెఱ్ఱికుక్క కాటు భయమును బెరిగెను.

కావున పెద్దలకు నా మనవి యిది. కళేబరములను చెరువుగట్టున, బావులయొద్ద విడువకుడు. నిషిద్ధమైన మందులను పశువులకు వాడనీయకుడు. దొమ్మరోగముతో చచ్చెనని యనుమానమున్నచో చర్మ మొలువరాదు, కడుపు కోయరాదు. పశువైద్యునికి దెలిపి, లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను. ఆ రోగబీజములు మన్నులో ఏండ్లతరబడి బ్రదుకును. వానిని నశింపజేయుట యే పురుగు తరమును గాదు. అది మన పని.