వానపాము - పురుగుమందు

అమరకోశమున గండూపదమని పేర్కొనబడిన జీవినే మనము వానపామనియు, ఎర్ర యనియు పిలుతుము. తొలకరి పడినంతనే పటేల్‌గూడ చెలకలలో ఇది మన్నును గుల్లచేసి పైకి తెచ్చుట కాపులెల్ల రెరిగినదే. రాలిన ఆకును, పేడను తిని ఎరువుగా విడుచుట, నీరింకుటకును వేళ్లు దిగుటకును దారి చేయుట దీని వృత్తి. ఆంగ్లదేశమున పెక్కుచోట్ల ఎకరమునకు ఏటేట పది టన్నులకు మించిన మన్ను వీని కడుపుగుండ సాగునని డార్విన్ పండితుడు 1881లో వెలువరించిన గ్రంథమున లెక్కగట్టెను.

పిమ్మట కాలము మారెను. డి.డి.టి. పురుగులను చంపునని 1939లో కనుగొన్న ముల్లర్ 1948లో నోబెల్ బహుమానము నందెను. మలేరియా దోమల నణచుటలో ఆ మందు చేసిన మేలు కాదనరానిది. కాని పైరుపై చల్లిన మందు ఆకుపైననే నిలువదు. రాలుటాకుతో, వాననీటితో నేలకు దిగును. అమెరికాలో ఎల్మ్ చెట్లకు చల్లిన డి.డి.టి. ఆకులతోపాటు వానపాముల ఒడలు చేరెను. వానిని తిన్న రాబిన్ పక్షులు చచ్చెను. ఈ వృత్తాంతమును రేచల్ కార్సన్ 1962లో లోకమునకు చాటెను. మన దేశమున సేద్యమునకు డి.డి.టి. వాడుక 1989లో నిషేధింపబడెను. తరువాతి మందులలో కార్బోఫ్యూరాన్ వంటివి వానపామునే నేరుగా చంపును. తోటలకు చల్లు మైలుతుత్తములోని రాగి ఏండ్లతరబడి నేలలో పేరుకొని వానిని క్షీణింపజేయును. వానపాము తరిగిన నేల గట్టిపడును. వాన ఇంకక పారిపోవును.

పటాన్‌చెరు కర్మాగారముల మురికినీటిచే వాగులు చెడిన సంగతి 1990లో సుప్రీంకోర్టు కెక్కినది. వాగు చెడిన కంటికి కనబడును. చేను చెడిన కనబడదు. ఆ నష్టమునకు అర్జీ వ్రాయువారు లేరు.

అయినను త్రోవ మూసికొనిపోలేదు. నాటి ఖమ్మము జిల్లా పునుకుల గ్రామ రైతులు పురుగుమందుల అప్పులతో విసిగి, వేపగింజల కషాయమును, మిరప వెల్లుల్లి ద్రావణమును చేపట్టిరి. 2004 నాటికి ఊరంతయు పురుగుమందులను మానెను. అప్పులు తగ్గెను గాని పంట తగ్గలేదు.

పహాణీలో సర్వే నంబరు, విస్తీర్ణము, పైరు వ్రాయబడును. వానపామునకు గడి లేదు. ఆ లెక్క రైతే చూచుకొనవలెను. తొలకరి పిదప చేనిలో జానెడు లోతు పారతో త్రవ్వి, పెడ్డను చిదిపి, ఎర్రలెన్ని యున్నవో యెంచవలెను. ఏటేట తగ్గుచున్నచో మందు తగ్గించి, పెంటయెరువు పెంచవలెను. పొలములు ఇండ్ల స్థలములగుచున్న ఈ దినములలో మిగిలిన చెలకనైనను సజీవముగ బిడ్డల కప్పగించుట మన విధి.