లోహం చుట్టూ ఎముక

ఎముకలోకి లోహం దిగగానే శరీరం అది పరాయిదని పసిగడుతుంది. చాలాసార్లు దాని చుట్టూ మెత్తటి పీచు పొర కట్టి వేరుగా ఉంచేస్తుంది. పొర మందమైన కొద్దీ లోహం కదులుతుంది, కదిలిన కొద్దీ నొప్పి. వదులైపోయిన తుంటి కీళ్లను తీసి మళ్లీ వేసే పని నాది. "కూర్చుని లేచి మొదటి అడుగు వేయాలంటే ప్రాణం పోతోంది బాబూ" అని పెద్దావిడ ఎవరైనా అన్నారంటే, ఎక్స్‌రేలో లోహానికీ ఎముకకీ నడుమ సన్నటి నల్లగీత కోసం వెతుకుతాను. ఆ గీత లేకుండా చేయడానికి ఎందరో తలలు బద్దలు కొట్టుకున్నారు.

1890లో బెర్లిన్‌లో థెమిస్టొక్లీస్ గ్లుక్ క్షయతో పాడైన మోకాలిలో ఏనుగు దంతంతో చేసిన కీలు అమర్చాడు. యాంటీబయాటిక్స్ లేని రోజులు. ఆ కీళ్లు చీముపట్టి పోయాయి. గట్టి అడుగు పడింది చాలా ఏళ్ల తర్వాత ఇంగ్లండులో. రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ లోహపు బంతికి ప్లాస్టిక్ గిన్నె జతచేసి, రెంటినీ అక్రిలిక్ సిమెంటుతో ఎముకలో నిలిపాడు. ఇప్పటికీ మేం పాటించే ఆ పద్ధతికి 1962 నవంబరులో తుదిరూపం వచ్చింది. సిమెంటు ఆలోచన ఆయనకు అందించింది మాంచెస్టర్‌లో దంతవైద్య పదార్థాలు తెలిసిన డెనిస్ స్మిత్. ఆ సిమెంటు మీద హాయిగా నడిచి వెళ్లిపోయిన తరం ఒకటుంది, దాన్ని చిన్నచూపు చూడను. కానీ సిమెంటు ఖాళీలు నింపి బిగుసుకుంటుందే తప్ప ఎముకతో కలవదు. ఏళ్లు గడిచాక ప్లాస్టిక్ అరిగి రేణువులు చేరతాయి. వాటిని మింగిన కణాలు పంపే సంకేతాలకు చుట్టూ ఎముక కరిగిపోతుంది. నల్లగీత మళ్లీ మొదలు.

ఎముక, లోహం కలిసిపోగలవని తేలింది వేరేచోట, వేరే పని చేస్తుండగా. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనమార్క్ అనే యువ పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో మూలుగకు రక్తం ఎలా పారుతుందో చూడాలనుకున్నాడు. టైటానియంతో చిన్న గది లాంటి పరికరం చేయించి ఎముకలో బిగించి, దానిగుండా సూక్ష్మదర్శినితో చూసేవాడు. ప్రయోగం ముగిశాక, ఖరీదైన పరికరం కదా, తీసి మళ్లీ వాడుకుందామంటే ఊడి రాలేదు. ఎముక దాన్ని పట్టేసింది. టైటానియానికి గాలి తగిలిన మరుక్షణమే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కణాలు కూర్చునేది ఆ పొర మీదే.  

1965లో గోథెన్‌బర్గ్‌లో బ్రోనమార్క్ పుట్టుకతోనే దవడ లోపమున్న ఒకతనికి కింది దవడలో నాలుగు టైటానియం మరలు దింపాడు. వెంటనే పళ్లు పెట్టలేదు. చిగురు మూసేసి నెలల తరబడి ఆగాడు. ఆయన చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ ఆగడమే. బరువు మోపకుండా, కదలకుండా ఉంటేనే ఎముక ముందుకొస్తుంది. ఆ మరలు 2006లో అతను చనిపోయేదాకా నిలిచాయి. అయినా స్వీడిష్ దంతవైద్యులు చాలాకాలం నమ్మలేదు. బయటి ప్రపంచం ఒప్పుకున్నది 1982 టొరంటో సదస్సు తర్వాతే.

బ్రోనమార్క్ పని సాగుతున్న కాలంలోనే మాస్కోలోని గమలేయా సంస్థలో అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ మూలుగనే గాజు పాత్రల్లో పెంచుతున్నాడు. తేలే రక్తకణాలను పారబోస్తే అడుగున కొన్ని కణాలు అతుక్కుని మిగిలేవి. మూలుగలో పదివేలకో లక్షకో ఒకటి ఉండే కణం అది. ఒక్కోటీ ఒక్కో గుంపుగా పెరిగేది. వాటిని చిన్న గదుల్లో పెట్టి జంతువు ఒంట్లో దాచితే ఎముక పుట్టేది. మూలుగ నుంచి ఎముక వస్తుందని ఫ్రాన్స్‌లో గూజోన్ 1869లోనే చూపాడు. ఏ కణం వల్లో చూపింది ఫ్రీడెన్‌స్టైన్. 1980ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో మారీన్ ఓవెన్ ఆయనతో కలిసి పనిచేశాకే పాశ్చాత్యులు సరిగా పట్టించుకున్నారు. 1991లో క్లీవ్‌లాండ్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లన్ వీటిని మెసెంకైమల్ మూలకణాలన్నాడు. అంటే, బ్రోనమార్క్ రక్తప్రవాహం కోసం తొంగిచూసిన మూలుగలోనే, ఆయన పరికరాన్ని పట్టేసిన ఎముకకు మూలమైన కణాలూ ఉన్నాయి. ఈ రెండు కథలూ పక్కపక్కనే నడిచి దశాబ్దాల దాకా కలవలేదన్నది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

కలిశాక మాత్రం పని వేగం అందుకుంది. కీలు లోహాన్ని నున్నగా కాక గరుకుగా, 100 నుంచి 400 మైక్రాన్ల రంధ్రాలతో చేస్తే ఎముక లోపలికి అల్లుకుంటుందని అప్పటికే తెలుసు. జపాన్‌లో నారా వైద్యులు రోగుల మూలుగ కణాలనే సిరామిక్ చీలమండ కీలు మీద పెంచి, ఎముక పదార్థం పుట్టాక అమర్చారు. 2007లో గ్లాస్గోలో మాథ్యూ డాల్బీ బృందం మరో వింత చూపింది. ప్లాస్టిక్ పలక మీద 120 నానోమీటర్ల గుంటలను వరుస తప్పకుండా చెక్కితే మూలకణాలు పెద్దగా స్పందించలేదు. కాస్త అటూఇటూగా చెక్కితే, ఏ మందూ కలపకుండానే, ఎముక వైపు మళ్లాయి. 2014లో సౌతాంప్టన్‌లో రోగి సీటీ స్కాన్ ఆధారంగా ముద్రించిన టైటానియం తుంటి గిన్నె వెనక, మూలకణాలు కలిపిన ఎముక ముక్కలు నింపారు. నాలాంటి వాళ్లకు పనికొచ్చేది ఇదే. రెండోసారి ఆపరేషన్లో గిన్నె తీశాక చాలామందికి వెనక ఎముకే మిగలదు.

మన ఊళ్లలో "మూలకణాలతో మోకాళ్లు కొత్తవవుతాయి" అనే బోర్డులు చూస్తే నాకు కోపం వస్తుంది. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప, మిగతా మూలకణ చికిత్సలన్నీ అనుమతి పొందిన ప్రయోగాల్లోనే జరగాలి. పైగా వయసుతో ఈ కణాల సంఖ్య, చురుకు తగ్గుతాయి. తుంటి వదులయ్యేది ఎక్కువగా ముసలితనంలోనే కాబట్టి ఇంకా తేలాల్సిన చిక్కు అదే. మా దగ్గరికొచ్చి మూలకణాల ఇంజెక్షన్ గురించి అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది: అది ఏ ప్రయోగం కింద చేస్తున్నారో, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందో లేదో కాగితం చూపించమని అడగండి. డబ్బు కట్టమంటే సంతకం పెట్టకండి.