పంచాయితీ నుంచి ఫ్యామిలీ కోర్టు దాకా

కాపురం చెడితే నల్గొండ, పాలమూరు పల్లెల్లో ముందు కూర్చునేది పంచాయితీ. కులపెద్దలు ఇరువైపుల మాట విని, పెట్టిపోతల లెక్క తేల్చి, కలిపో విడదీసో పంపేవారు. లంబాడీ తండాల్లో ఆ పెత్తనం నాయక్, కార్‌భారీలది.

నిజాం రాజ్యంలో కోర్టులు లేక కాదు. మున్సిఫ్ కచేరీ నుంచి హైదరాబాద్ హైకోర్టు దాకా అంచెలుండేవి. ఆ పైన ఇంగ్లండు ప్రీవీ కౌన్సిల్ తరహాలో జుడీషియల్ కమిటీ ఉండేది. గద్వాల, వనపర్తి సంస్థానాలకు సొంత న్యాయస్థానాలుండేవి. 1920లో మూసీ ఒడ్డున హైకోర్టు కొత్త భవనం తెరుచుకుంది. కానీ కోర్టు భాష ఉర్దూ, పేరున్న వకీళ్లంతా పట్నంలోనే. దేవరకొండ పక్క పల్లెలో పుట్టింటికి చేరిన ఆడమనిషికి ఆ గడప తొక్కే దారేది? పైగా బొంబాయి, మద్రాసు రాష్ట్రాలు 1940లలోనే హిందువుల విడాకులకు చట్టాలు చేసుకున్నా, హైదరాబాద్ రాష్ట్రంలో అలాంటిది రాలేదు.

మార్పు 1951లో మొదలైంది. ఆ ఏడు దేశమంతటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ హైదరాబాద్ రాష్ట్రానికీ వర్తించింది. దాంతో 488వ సెక్షన్ కింద భార్య మేజిస్ట్రేటు దగ్గర మనోవర్తి అడిగే వీలు కలిగింది. 1973 కోడ్‌లో అదే 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి కొత్త సంహితలో 144. నెలకు 500 రూపాయలు మించరాదన్న కట్టడి మాత్రం కేంద్ర చట్టంలో 2001 దాకా కొనసాగింది. బియ్యం ధర పెరుగుతూనే ఉంది, మనోవర్తి హద్దు కదల్లేదు. అంతకాలం దాన్ని సవరించకపోవడం పెద్ద అన్యాయం.

1955లో హిందూ వివాహ చట్టం వచ్చాక విడాకులు కోర్టు వ్యవహారమయ్యాయి. కుల ఆచారం ప్రకారం తీసుకునే విడాకులను ఆ చట్టం 29వ సెక్షన్ కాపాడింది. జిల్లాల్లో ఇలాంటి పిటిషన్లను సబ్ కోర్టులు విచారించేవి. అక్కడ ఓడితే జిల్లా జడ్జి, ఆ తర్వాతే హైకోర్టు. కడప సబ్ కోర్టులో ఒక భర్త కాపురానికి రావాలంటూ వేసిన కేసు 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరింది. ఆ కేసులో జస్టిస్ పి.ఎ.చౌదరి, ఇష్టంలేని స్త్రీని కాపురానికి పొమ్మనే 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. మరుసటి ఏడాదే మరో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. జిల్లాలో మొదలైన తగాదా దేశమంతా చర్చించిన ప్రశ్నగా ఎదిగిందంటే, అది పై కోర్టుకు వెళ్లే దారి ఉన్నందువల్లే.

1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం సబ్ కోర్టు, జిల్లా జడ్జి, హైకోర్టు అనే మెట్లను తగ్గించింది. పది లక్షల జనాభా దాటిన నగరంలో ఫ్యామిలీ కోర్టు తప్పనిసరి. మిగతా చోట్ల ప్రభుత్వం అవసరమనుకుంటే పెట్టాలి. జడ్జి మొదట రాజీకి ప్రయత్నించాలి. వకీలును పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. తీర్పు మీద అప్పీలు నేరుగా హైకోర్టుకే, అదీ ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి. ఫ్యామిలీ కోర్టు పరిధి బయట ఉన్నవారికి మాత్రం పాత మెట్లే మిగిలాయి. ఒకే రకం తగాదాకు ఊరిని బట్టి దారి మారడం న్యాయంగా తోచదు. గడువులోనూ తికమకే. ఫ్యామిలీ కోర్టుల చట్టం అప్పీలుకు 30 రోజులు ఇస్తే, హిందూ వివాహ చట్టం 2003 సవరణ తర్వాత 90 రోజులు ఇస్తోంది.

ఆ 2003 సవరణే ఇంకో మేలూ చేసింది. భార్య తానుంటున్న చోటే విడాకుల పిటిషన్ వేయవచ్చు. బతుకుదెరువుకు ముంబై, పుణెలకు వలసపోయే పాలమూరు కుటుంబాలకు ఈ మార్పు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. 2006లో అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు ఇచ్చే ఉత్తర్వుల మీద అప్పీలు సెషన్స్ కోర్టుకు పోతుంది. 2022 జూన్ 2న తెలంగాణలోని 33 జిల్లాలకూ జిల్లా కోర్టులు రావడంతో సూర్యాపేట, భువనగిరి, నాగర్‌కర్నూల్, నారాయణపేట వాసులకు పాత జిల్లా కేంద్రానికి తిరిగే బాధ తగ్గింది.

తండాల సంగతి వేరు. 1976 సవరణతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల్లో చేరారు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప హిందూ వివాహ చట్టం ఆ తెగలకు వర్తించదు. అందువల్ల విడాకులకు ఆచారాన్నే రుజువు చేసుకోవాల్సి వస్తుంది. మనోవర్తికి మాత్రం ఈ అడ్డు లేదు, ఆ సెక్షన్ అందరిదీ.

ఆ మాటను సుప్రీంకోర్టు 2024 జులై 10న తెలంగాణ కేసులోనే గట్టిగా చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం మహిళకు ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల మధ్యంతర భరణం ఇచ్చింది. 2023 డిసెంబరులో హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. భర్త అప్పీలును కొట్టేస్తూ జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్, 125వ సెక్షన్ ముస్లిం మహిళలకూ వర్తిస్తుందని తేల్చారు.

తీర్పు చేతికొచ్చినా డబ్బు చేతికి రావడం ఇంకో పోరాటం. భర్త చెల్లించకపోతే, బాకీ పడిన నాటి నుంచి ఏడాదిలోపు అర్జీ పెట్టుకుంటేనే వసూలుకు వారంటు వస్తుంది. ఉత్తర్వు నకలు ఇచ్చేటప్పుడే ఈ గడువు సంగతి ఆమెకు తెలుగులో విడమరిచి చెప్పే ఏర్పాటు ప్రతి కోర్టులో ఉండాలి.