జమ్మి చెట్టు

జమ్మి చిక్కుడు కుటుంబానికి చెందిన ముళ్ల చెట్టు. శాస్త్రీయ నామం ప్రోసోపిస్ సినరేరియా. సంస్కృతంలో శమీ, కన్నడంలో బన్ని, తమిళంలో వన్ని, రాజస్థాన్‌లో ఖేజ్రీ. వేళ్లు బాగా లోతుకు దిగుతాయి కాబట్టి వానల్లేని ఏడాదీ తట్టుకుంటుంది. ఆకు మేకలకు మేత, కట్టె పొయ్యికి.

శమీ అన్న పేరుకు చల్లబరిచేది, శాంతింపజేసేది అని అర్థం చెబుతారు. కథలు మాత్రం దానికి ఎదురు నడుస్తాయి. యజ్ఞానికి నిప్పు పుట్టించే అరణిని జమ్మి మీద మొలిచిన రావి కట్టెతో చేయాలన్నారు. అగ్నిదేవుడు ఈ చెట్టులోనే దాక్కున్నాడని మహాభారతం చెబుతుంది. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలు దాచింది కూడా శ్మశానం దగ్గరి జమ్మి మీదే. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని చెట్టుకు కట్టి, అది తమ 180 ఏళ్ల తల్లిదని పశువుల కాపర్లకు చెప్పారు. దసరా పండుగ పూట ఈ ముక్క ఎవరూ తలుచుకోరు!

ఈ ఘట్టమున్న విరాటపర్వంతోనే తిక్కన తన భారత రచన మొదలుపెట్టాడు.

వరంగల్ ప్రాంతంలో దసరా రోజు పాలపిట్టను చూసి, సాయంత్రం జమ్మి పూజకు వెళ్తారు. పేర్లు, కోరికలు రాసిన చీటీలు చెట్టుకు కడతారు. తెంపుకొచ్చిన ఆకే ‘బంగారం’. చిన్నవాళ్లు దాన్ని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు, ఈడువాళ్లు అలాయ్ బలాయ్ తీసుకుంటారు. నగరంలో ఆ రాత్రి ఉర్సు రంగలీల మైదానంలో రావణ వధకు జనం పోటెత్తుతారు.

ఆకు బంగారమెందుకైందంటే, కౌత్సుడనే శిష్యుడి గురుదక్షిణ కోసం కుబేరుడు రఘుమహారాజుకు జమ్మి మీద బంగారం కురిపించాడని చెబుతారు. కాళిదాసు రఘువంశంలో ఆ వాన కోశాగారంలో కురుస్తుంది, చెట్టు ఊసే లేదు. జమ్మిని అందులోకి తెచ్చింది జానపదుల ఊహే కావచ్చు. మహారాష్ట్రలో ఇదే మర్యాద ఆపటా ఆకుకు దక్కుతుంది.

రాజస్థాన్‌లోని ఖేజర్లీలో 1730లో ఈ చెట్లను నరకనివ్వక 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరులో జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. అయినా చెట్టు లేని కాలనీల్లో పూజకు ఎక్కడినుంచో కొమ్మ నరికి తెచ్చి పాతుతారు, తెల్లారేసరికి అది మోడు. ఆలయాల్లో, ఊళ్లలో మొక్కలు నాటించే ప్రయత్నాలు ఈమధ్య మొదలయ్యాయి.