పేకముక్కల నుంచి బుక్‌మార్కుల దాకా

విప్లవం తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వం చర్చిల నుంచీ మఠాల నుంచీ లక్షల కొద్దీ పుస్తకాలు స్వాధీనం చేసుకుంది. ఏ ఊళ్లో ఏ పుస్తకం ఉందో పారిస్‌కు తెలియాలి. 1791లో ఊరూరికీ ఆదేశాలు వెళ్లాయి: వివరాలను పేకముక్కల మీద రాసి పంపండి. అప్పట్లో పేకముక్కల వెనకవైపు ఏ బొమ్మా లేకుండా తెల్లగా ఉండేది. అట్ట గట్టిది, ఎక్కడైనా దొరికేది. పుస్తకానికో ముక్క చొప్పున రాసి, రచయిత పేరు కింద గీత గీసి, అక్షరక్రమంలో పేర్చి, ఎడమవైపు కింది మూలన సూదితో దారం గుచ్చి కట్టాలి.

కుట్టిన పుస్తకంలో జాబితా రాస్తే మధ్యలో కొత్త పేరు ఇరికించడానికి చోటుండదు. విడి ముక్కలకు ఆ ఇబ్బంది లేదు, ఎన్ని చేరినా వరుస చెదరదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ముక్క మీద ఉన్నది పుస్తకం కాదు, దాని ఆచూకీ. వస్తువు ఎక్కడున్నా సరే, ఆచూకీలను మాత్రం మన పనికి తగ్గట్టు పేర్చుకోవచ్చు. నేటి కంప్యూటర్ షార్ట్‌కట్ నిలబడింది ఈ ఆలోచన మీదే.

1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ మొదలుపెట్టిన లైబ్రరీ బ్యూరో సంస్థ కార్డులనూ, వాటికి సరిపోయే సొరుగుల బీరువాలనూ అమ్మకానికి పెట్టింది. ఐదంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు ఉన్న కార్డు ప్రమాణంగా స్థిరపడింది. సొరుగులో కార్డుల అడుగున రంధ్రాల గుండా లోహపు చువ్వ వెళ్లేది. మన విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో చదువుకున్న పాతతరం వాళ్లకు ఆ సొరుగులు బాగా తెలుసు. బ్యూరో ఈ బీరువాలను బ్యాంకులకూ, బీమా కంపెనీలకూ అమ్మింది. అలా కార్డు మీద పుస్తకం పేరు ఉండాల్సిన చోటికి ఖాతాదారు పేరు వచ్చింది.

1950లలో ఆర్నాల్డ్ న్యూస్టాడ్టర్, ఇంజినీరు హిల్డార్ నీల్సన్ కలిసి ఆ సొరుగును బల్ల మీదికి తెచ్చారు. అదే రోలోడెక్స్. గుండ్రటి చట్రానికి కార్డులు తగిలించి ఉంటాయి, పక్కనున్న పిడి తిప్పితే కావలసిన అక్షరం ముందుకొస్తుంది. క్లయింట్ ఫోన్ నంబరు మారితే ఆ ఒక్క కార్డు లాగి మరొకటి తగిలిస్తే సరి.

1987లో వచ్చిన ‘యాక్ట్’ సాఫ్ట్‌వేర్ ఈ కార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించి, క్యాలెండర్‌తో ముడిపెట్టింది. క్లయింట్ ఎవరన్నదే కాదు, అతనితో ఏం మాట్లాడారు, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలన్నదీ ఒకేచోట కనిపించసాగింది.

వెబ్‌సైట్ల విషయానికొస్తే, 1993లో మొజాయిక్ బ్రౌజర్ నచ్చిన సైట్ల జాబితాను హాట్‌లిస్ట్ అంది. మరుసటి ఏడు నెట్‌స్కేప్ వాటిని బుక్‌మార్కులు అంది. ఇక ఫైళ్ల విషయంలో, విండోస్ 95 షార్ట్‌కట్ ఐకాన్‌కు ఎడమవైపు కింది మూలన చిన్న బాణం గుర్తు పెట్టింది. ఇది అసలు ఫైలు కాదు, దాని దగ్గరికి దారి మాత్రమేనని ఆ బాణం చెబుతుంది. ఆ షార్ట్‌కట్‌ను డిలీట్ చేసినా అసలుకు ఢోకా లేదు.

ఒక చిక్కు మాత్రం కార్డుల కాలం నుంచీ మిగిలే ఉంది. ఒక కార్డు ఒక వరుసలోనే ఉంటుంది. అదే పుస్తకం రెండు విషయాల కింద దొరకాలంటే రెండో కార్డు రాయాల్సిందే. 2003లో జాషువా షాక్టర్ తెచ్చిన డెలీషియస్ దీనికి చక్కని దారి చూపింది: ఒకే లింకుకు ‘పన్ను’, ‘క్లయింట్’, ‘ఫారాలు’ అంటూ ఎన్ని ట్యాగులైనా తగిలించే వీలుండేది, ఏ ట్యాగు నొక్కినా ఆ లింకు వచ్చేది.

నెట్‌స్కేప్ బ్రౌజర్‌కు 2008లో మద్దతు ఆగిపోయింది. అయినా ఇవాళ క్రోమ్‌లో బుక్‌మార్కులు ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలో నెట్‌స్కేప్ పేరే కనిపిస్తుంది. దాని కింద ఫోల్డర్ల పేర్లు, ఒక్కో సైటు చిరునామా, చేర్చిన తేదీ వరుసగా ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ అయినా ఎడ్జ్ అయినా ఆ పద్ధతిని చదవగలదు. అందుకే ఆఫీసులో కంప్యూటర్ మారినా, ఏళ్ల తరబడి క్లయింట్ల వారీగా సర్దుకున్న సైట్లన్నీ ఒక్క ఫైలుతో కొత్తదానిలోకి వచ్చేస్తాయి.